పసుపు రాసిన ఎర్ర కారు

అనగా అనగా, మబ్బులు కిందికి దిగి ఇళ్ళ చూరులకు తగిలే కొండ రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు మేఘగిరి. అక్కడ ఎండ కాసిన రోజును జనం పండగలా చెప్పుకునేవారు. ఆరేసిన బట్ట ఒక పట్టాన ఆరేది కాదు. ఇనుము ఊరికే తుప్పు పట్టేది. అందుకని ఆ రాజ్యంలో మంత్రికి పని ఉన్నా లేకపోయినా, కమ్మరికి మాత్రం ఎప్పుడూ చేతినిండా పనే.

ఆ కమ్మరి పేరు మొగిలాచారి. కొడవలికి పదును పెట్టడం దగ్గర్నుంచి కారు ఇంజను విప్పి బిగించడం దాకా అతనికి రాని పని లేదు. అతని దగ్గర ఒక అయస్కాంతం ఉండేది. పాడైపోయిన రేడియో స్పీకరులోంచి తీసి, పాత పంచె గుడ్డలో చుట్టి, ఎప్పుడూ జేబులో వేసుకుని తిరిగేవాడు. ఏ బండి చూడమన్నా, సరేననే ముందు దాన్ని రేకు మీద పెట్టేవాడు. కింద ఇనుము ఉంటే అంటుకునేది. తుప్పు తిన్న చోట లప్పం పూసి పైన రంగేస్తే జారి కింద పడేది. మనుషుల మాట నమ్మడం కంటే ఆ గుడ్డ మూటను నమ్మడం తేలికని అతను అంటుండేవాడు.

మొగిలాచారికి ఈ లోకంలో ఉన్నది ఒక్క తమ్ముడు, సోమాచారి. తల్లీతండ్రీ పోయేనాటికి సోముడికి ఐదేళ్ళు. అన్నే అన్నం కలిపి పెట్టాడు. అన్నే కొలిమి పక్కన వెచ్చగా పడుకోబెట్టాడు. పెద్దవాడయ్యాక బండి నడపడం నేర్పింది కూడా అన్నే. సోముడు చివరికి రాజుగారికే సారథి అయ్యాడు. తమ్ముడు జీపులో కొలిమి ముందు నుంచి వెళితే అన్న సుత్తి ఆపి చూసేవాడు. చూసి, ఏమీ చూడనట్టు మళ్ళీ కొట్టేవాడు.

మేఘగిరిలో ఒక ఆచారం ఉంది. తొలకరి పడిన వారంలో కోట మీది జెండాను తొమ్మిది మలుపుల కనుమ దారిలో దించి, కింద నది నీళ్ళలో ముంచి తేవాలి. తీసుకెళ్ళేది రాజుగారి సారథే. వెనకటి రోజుల్లో ఏనుగు మీద వెళ్ళేవారు. ఏనుగు ముసలిదై చనిపోయింది. జీపు మీద వెళ్ళడం రాజుగారికి నామోషీగా తోచింది.

రాజుగారి పేరు గజభూపాలుడు. మనిషి చెడ్డవాడు కాదు. పక్క రాజ్యం రాజు కొన్నది తానూ కొనకపోతే అన్నం సహించదు, అంతే. పక్క రాజు ఇటలీ అనే దూరదేశంలో చేసిన స్పోర్ట్స్ కారు కొన్నాడు. అది ఎర్రగా, నేలకు ఆనుకుని, పులి పడుకున్నట్టు ఉందట. గజభూపాలుడికి అలాంటిదే కావాలి. కొత్తది కొనే స్తోమత కొండ రాజ్యానికి లేదు. కనుక ఒకరు వాడిందే కొనాలని నిర్ణయమైంది.

రాజు మొగిలాచారిని పిలిపించాడు.

"ఆచారీ, నాకు బండి గురించి తెలియదు. నువ్వు సరేనంటే కొంటాను, కాదంటే మానేస్తాను. కనుమలో నడిపేది నీ తమ్ముడు. వాడి ప్రాణం నీ మాట మీద పెడుతున్నాను."

"చిత్తం ప్రభూ. నా కంటికి ఆననిది ఏదీ నా తమ్ముడు ఎక్కడు" అన్నాడు మొగిలాచారి.

పిల్లలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. అన్న ఆ మాట మనసారా అన్నాడు.

కొన్నాళ్ళకు సముద్రతీరం నుంచి మణిమంతుడనే వర్తకుడు వచ్చాడు. సన్నటి మీసం, మెత్తటి మాట. లారీ మీద టార్పాలిను కప్పి ఒక కారు తెచ్చాడు. టార్పాలిను తీశాడు. జనం నోళ్ళు తెరిచారు. ఎర్రగా, నేలకు ఆనుకుని, సరిగ్గా రాజుగారు కలగన్నట్టే ఉంది. సోముడైతే దాని చుట్టూ ప్రదక్షిణం చేశాడు.

"అన్నా, ఎంత బాగుందో చూడన్నా!"

"బాగున్నది చూడ్డానికి ఇంతమంది ఉన్నారుగా. బాగాలేనిది చూడ్డానికి నేనొక్కణ్ణే వచ్చాను" అన్నాడు మొగిలాచారి. ముందు రంగు చూడలేదు, చక్రాలు చూడలేదు. వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"కాలుతోందే! లారీ మీద పడుకుని వచ్చిన బండికి ఈ జ్వరం ఎక్కడిదయ్యా?"

మణిమంతుడు నవ్వాడు. "కోట బయట ఒకసారి తిప్పి చూశానండీ. రాజుగారి ముందు మొరాయిస్తే బాగుండదు కదా."

"అలాగా. అయితే రేపు పొద్దున చూస్తాను. ఈలోగా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

రాజు విసుక్కున్నా ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున బానెట్ చల్లగా, మంచు పట్టి ఉంది. మొగిలాచారి తాళం తిప్పాడు. బండి దగ్గింది. మళ్ళీ దగ్గింది. మూడోసారి అంటుకుని, వెనక గొట్టంలోంచి నీలిపొగ కక్కింది. ఆ పొగ మబ్బుల్లో కలిసి పైకి పోకుండా అక్కడే నిలబడింది.

"నీలిపొగ వస్తోందంటే లోపల ఆయిలు కాలుతోందని అర్థం ప్రభూ. ఇంజను అరిగిపోయింది. వేడిగా ఉన్నప్పుడు ఈ రోగం బయటపడదు. అందుకే ముందే వేడి చేసి పెట్టాడు. వద్దు."

రాజు వద్దన్నాడు. మణిమంతుడు కోపం తెచ్చుకోలేదు. వంగి దండం పెట్టి, "బాగుచేయించి తెస్తాను, దయచేసి ఇంకెక్కడా బేరం చెయ్యకండి" అని వెళ్ళిపోయాడు.

నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చాడు. ఈసారి బానెట్ చల్లగానే ఉంది. తాళం తిప్పగానే ఇంజను ఒక్క గొంతుతో పలికింది. పొగ లేదు. రాజు మీసం దువ్వాడు. సోముడు అన్న మొహం వంక చూశాడు.

"బాగానే ఉంది. దీని సర్వీసు పుస్తకం ఏది?" అన్నాడు మొగిలాచారి.

పుస్తకం ఇచ్చారు. ఏ ఏడు ఏ నూనె మార్చారో, ఏ భాగం మార్చారో, పన్నెండేళ్ళ చరిత్ర అందులో వరసగా రాసి ఉంది. మొగిలాచారి ఒక్కో కాగితం తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. జిగురు ఇంకా పచ్చి వాసన వేస్తోంది.

"పన్నెండేళ్ళపాటు ఒకే చేతి రాత, ఒకే సిరా. ఈ మెకానిక్కుకు ఒక్కనాడూ జ్వరం రాలేదా? ఆ కలం ఒక్కసారీ పోలేదా?"

జనం నవ్వారు. మణిమంతుడు కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు.

అతను ఇంజను పక్కనున్న మూత విప్పాడు. లోపల టైమింగ్ బెల్టు ఉంటుంది. బండి తిరిగినా తిరగకపోయినా కొన్నేళ్ళకొకసారి దాన్ని మార్చి తీరాలి. అది తెగితే ఇంజను లోపల ఒకదానికొకటి కొట్టుకుని ముక్కలైపోతుంది. పోయిన ఏడే మార్చామని పుస్తకంలో ఉంది. బెల్టు మీద మాత్రం ఎండిన చెరువులో మట్టిలా బీటలు. గోటితో గీరితే పొడి రాలింది.

"వద్దు ప్రభూ" అన్నాడు మొగిలాచారి రెండోసారి.

రాజు ఈసారి విసురుగా లేచి లోపలికి వెళ్ళిపోయాడు. తొలకరికి నెలన్నర కూడా లేదు. పక్క రాజ్యం వాళ్ళు అప్పటికే నవ్వుతున్నారు. రాజు వైపున్న నలుగురూ, కమ్మరికి కళ్ళు నెత్తికెక్కాయని గొణిగారు. సోముడు అన్నతో ఆ రోజంతా మాట్లాడలేదు.

మణిమంతుడు బండిని లారీకి ఎక్కిస్తూ సోముణ్ణి దగ్గరకు పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ అన్నలాంటి పనివాణ్ణి నేనెక్కడా చూడలేదు నాయనా. ఆయన చెయ్యి పెట్టని చోటు ఉండదనుకుంటా?"

సోముడికి అన్నమీద కోపం ఉన్నా, అన్నను పొగిడితే ఆ కోపం నిలవలేదు. గర్వంగా చెప్పాడు.

"ఉండదండీ. నిప్పులోనైనా పెడతాడు. ఒక్క దేవుడి దగ్గరే మా అన్న లొంగేది. దసరాకి సుత్తికీ పట్టకారుకీ పసుపు రాసి బొట్లు పెడతామా, మళ్ళీ పూజ చేసి తీసేదాకా మూడు రోజులు వాటిని వేలితో కూడా ముట్టడు. ఒకసారి రాజుగారే కబురు పెట్టినా ముట్టలేదు."

"అబ్బ! ఎంత నిష్ఠ!" అన్నాడు మణిమంతుడు. లారీ కదిలింది.

పాపం, సోముడికి ఏం తెలుసు?

తొలకరి చినుకులు పడ్డాక మూడోసారి వచ్చాడు మణిమంతుడు. ఈసారి బండి లారీ దిగి వచ్చింది, పెళ్ళికొడుకులా వచ్చింది. కొండ మొదట్లో ఉన్న అమ్మవారి గుడి ముందు అప్పుడే వాహనపూజ చేయించాడట. బానెట్ మీద బంతిపూల దండ. అద్దానికి నిమ్మకాయలూ మిరపకాయలూ. తలుపుల కింద, నేలకు దగ్గరగా, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా దట్టంగా పసుపు పూసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టించాడు.

అతను రాజు కాళ్ళకు మొక్కి, తనంతట తానే చెప్పాడు.

"ప్రభూ, ఆ పుస్తకం దొంగదే. తప్పయింది. అసలు పుస్తకం పోయింది. బెల్టు కొత్తది వేయించాను, ఆచారిగారు చూసుకోవచ్చు. ఇక అబద్ధమాడనని అమ్మవారి ముందు కొబ్బరికాయ కొట్టి వచ్చాను."

అందరి మనసులూ కరిగాయి. ఒప్పుకున్నవాడి మీద ఎవరికి కోపం నిలుస్తుంది?

మొగిలాచారి ఇంజను చూశాడు. చల్లగా ఉంది, చక్కగా పలికింది. బెల్టు చూశాడు. కొత్తదే. జేబులోంచి గుడ్డ మూట తీశాడు. బానెట్ మీద పెట్టాడు, అంటుకుంది. తలుపు మీద పెట్టాడు, అంటుకుంది. కప్పు మీద పెట్టాడు, అంటుకుంది. అప్పుడు బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బండి బరువంతా మోసేది తలుపుల కింది ఆ దూలమే. సరిగ్గా అక్కడే ఉంది పసుపు.

అతని చెయ్యి ఆగిపోయింది.

గొడుగు కింద కూర్చున్న రాజమాత అది చూసింది. "ఏమిటి ఆచారీ, పూజ చేసిన పసుపు మీద పెడతావా ఆ మూట?"

"ఒక్కచోట కడిగి చూస్తానమ్మా. జానెడు చోటు చాలు."

"శుభమా అని జెండా ఎక్కే బండికి పసుపు కడుగుతావా? రేపు నదికి పోయి వచ్చాక ఎటూ కడుగుతారు. అప్పుడు చూసుకో."

రాజు కూడా అందుకున్నాడు. "పొగ అన్నావు, విన్నాను. పుస్తకం అన్నావు, విన్నాను. ఇప్పుడు పసుపు కూడా తప్పేనా? లోపం బండిలో ఉందా, నీ చూపులో ఉందా?"

మొగిలాచారి మణిమంతుడి వైపు చూశాడు. అతను చేతులు కట్టుకుని, తల వంచుకుని, అమ్మవారి బొట్టుతో నిలబడ్డాడు.

బొట్టు పెట్టేవాళ్ళు ముందు బానెట్ మీద పెడతారు కదా, ఎవరికీ కనపడని కిందిభాగంలో ఇంత పసుపు ఎందుకు? ఈ ప్రశ్న మొగిలాచారికి తట్టింది. తట్టలేదని మీరు అనుకోవద్దు, నేనూ అబద్ధం చెప్పను. స్పష్టంగా తట్టింది. కానీ పసుపు రాసిన సుత్తిని మూడు రోజులు ముట్టని చెయ్యి అది. తాతలనాటి నుంచి ముట్టని చెయ్యి. పైగా పక్కనే తమ్ముడు నిలబడి, చిన్నప్పుడు జాతరలో బొమ్మ అడిగినట్టు, "ఇంక చాలన్నా, ఒప్పుకో అన్నా" అంటున్నాడు.

అయస్కాంతం జేబులోకి పోయింది.

"తీసుకోండి ప్రభూ" అన్నాడు మొగిలాచారి.

మర్నాడు వాన పట్టుకుంది. కోట గుమ్మంలో సోముడు జెండా పుచ్చుకుని బండి ఎక్కాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. అన్న వైపు తిరిగి చెయ్యి ఊపాడు. రాజూ జనమూ ముందే కిందికి దిగి నది ఒడ్డున ఎదురుచూస్తున్నారు. అన్న మాత్రం కోట గోడ మీదికి ఎక్కి నిలబడ్డాడు. అక్కడినుంచి కనుమ అంతా కనబడుతుంది.

మొదటి మలుపు తిరిగింది ఎర్రబండి. రెండోది తిరిగింది. మూడోది, నాలుగోది. మొగిలాచారి ఒక్కో మలుపూ వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు. ఐదు. ఆరు.

ఏడో మలుపులో బండి రెండు ముక్కలైంది. వెనక సగం దారిలోనే నిలిచిపోయింది. ముందు సగం తిరగలేదు, తిన్నగా లోయలోకి వెళ్ళింది.

ఇక్కడితో ఆపేయమని నా మనవరాలు ఎప్పుడూ ఏడుస్తుంది. నాకూ ఆపేయాలనే ఉంటుంది. కానీ మొగిలాచారికి ఆగే వీల్లేకపోయింది, ఆ మనిషి లోయలోకి దిగాలి కదా.

దిగాడు. తమ్ముణ్ణి ఎత్తి పచ్చగడ్డి మీద పడుకోబెట్టాడు. మొహం తుడిచాడు. తర్వాత విరిగిన బండి దగ్గరకు వెళ్ళాడు. వానకు పసుపు మొత్తం కారిపోయింది. పసుపు పోయిన చోట పచ్చి లప్పం తెల్లగా పగిలి ఉంది. మొగిలాచారి గుడ్డ మూట తీసి దానికి ఆనించాడు. అది జారి బురదలో పడింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. మూడోసారి కూడా పెట్టి చూశాడు పిచ్చివాడిలా.

లప్పం గీరితే అతుకు బయటపడింది. ముందు సగం ఒక కారుది, వెనక సగం ఇంకో కారుది. ఎక్కడో గుద్దుకుని చెడిన రెండు బండ్లను మధ్యకు కోసి, అతికి, లప్పం మెత్తి, ఎర్రరంగు వేశారు. ఆ పైన పసుపు పూశారు.

మణిమంతుణ్ణి పట్టి తెచ్చారు. సభలో రాజు నిలదీశాడు. "అమ్మవారి పేరు చెప్పి మోసం చేస్తావా?"

మణిమంతుడు నెమ్మదిగా అన్నాడు. "నేను పసుపు రాశాను, అంతే. కడిగి చూడొద్దని నేనెప్పుడన్నానండీ? ఆ మాట అన్నది మీరు."

రాజమాత కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆచారీ, వీడికి ఏ శిక్ష వెయ్యమంటావు?" అని అడిగాడు రాజు.

"వాడికి వెయ్యవలసింది మీరే వెయ్యండి ప్రభూ. వాడు మూడుసార్లూ వాడి పని వాడు చేశాడు. నేను రెండుసార్లు నా పని చేసి, మూడోసారి మానేశాను. నాకేం వేస్తారో అది చెప్పండి."

మొగిలాచారికి రాజు ఏ శిక్షా వెయ్యలేదు. మణిమంతుణ్ణి చెరసాలలో వేశారు. వాడు అక్కడే ముసలివాడై పోయాడు. దానివల్ల సోముడు తిరిగి రాలేదు.

మొగిలాచారి కొలిమి మాత్రం ఆరలేదు. పని చేసేవాడు, మాట తగ్గించాడు. దసరాకి అన్ని పనిముట్లకూ పసుపు రాసేవాడు, ఆ గుడ్డ మూటకు తప్ప. దాన్ని ఆ మూడు రోజులూ గుప్పిట్లో పట్టుకుని కూర్చునేవాడు.

ఏళ్ళు గడిచాయి. మళ్ళీ ఒక తొలకరికి ముందు, ఏదో ఊరినుంచి ఒక రైతు తన పాత బండి అమ్మడానికి కోటకు తెచ్చాడు. అమాయకుడు, దారిలో గుడి కనబడితే పూజ చేయించి మరీ తెచ్చాడు. తలుపుల కింద పసుపు ఉంది. మొగిలాచారి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి లేవలేదు.

అప్పుడు రాజమాత, నడుము వంగిపోయిన ముసలమ్మ, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎవర్నీ తోడు రానివ్వలేదు. రెండో చేతిలో చెంబు నీళ్ళు.

"జరుగు ఆచారీ. నువ్వు కడగొద్దు. నేను కడుగుతాను."

ఆమె తన చేత్తో నీళ్ళు పోసింది, తన చీర కొంగుతో రుద్దింది. పసుపంతా పోయేదాకా రుద్దింది. మొగిలాచారి మూట తీసి ఆనించాడు.

అంటుకుంది. బండి మంచిదే. రైతు మోసగాడు కాడు.

మొగిలాచారి మూటను ఊడదీయలేదు. దాని మీద చెయ్యి అలాగే పెట్టుకుని, సోముడు పోయిన రోజున కూడా ఏడవనివాడు, అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. రాజమాత అతని పక్కనే బురదలో కూర్చుండిపోయింది. జానెడు చోటు కడగడానికి చెంబెడు నీళ్ళు చాలునని ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

ఆనాటి నుంచి మేఘగిరిలో ఏ బండి కొన్నా ముందు కడుగుతారు, ఒక రాత్రి చల్లారనిస్తారు, కాగితాలు చదువుతారు, అడుగున పాకి చూస్తారు. ఆ తర్వాతే పసుపు కలుపుతారు.

కాబట్టి బంగారు తల్లులూ, తండ్రులూ, మొక్కేది చూశాకే మొక్కండి. ఎక్కడ చూడడానికి మీ చెయ్యి జంకుతుందో అక్కడే ముందు చూడండి.